ఎండ పడదు.. తడి ఆరదు.. ఇంటి పక్క అలాంటి జాగాలో ఏ మొక్కలు పెంచాలో తెలుసా?

ఇంటికి, కాంపౌండ్ గోడకు మధ్య సన్నటి సందు. పైన సన్‌షేడ్, అవతల పక్కింటి గోడ. ఎండ సరిగా పడదు. కుళాయి నీళ్లో, ఏసీ నీళ్లో కారుతూ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పట్టణాల్లో చాలా ఇళ్లకు ఇలాంటి జాగా ఒకటి ఉంటుంది. నర్సరీ నుంచి గులాబీ, మందార, చామంతి తెచ్చి అక్కడ పెడితే కొన్నాళ్లకే కొమ్మలు సన్నగా సాగిపోతాయి, మొగ్గ రాదు, ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. మట్టి మంచిది కాదనుకుని చాలామంది వదిలేస్తారు. అసలు తేడా మొక్క ఎంపికలోనే ఉంది. పెద్ద చెట్ల నీడలో, వాగుల ఒడ్డున పెరిగే మొక్కలకు ఇలాంటి చోటే నచ్చుతుంది.

ముందు నీడ ఎంతో చూడండి

మధ్యాహ్నం 12 గంటలకు ఆ జాగాలో చెయ్యి చాపి చూడండి. నేల మీద నీడ స్పష్టంగా పడితే వెలుతురు బాగున్నట్టే. మసగ్గా పడితే ఓ మోస్తరు నీడ. అసలు పడకపోతే చిక్కటి నీడ. అయితే ఒక్కరోజు చూసి తేల్చేయకూడదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంటికి ఉత్తరం వైపు చలికాలంలో ఎండ దాదాపు పడదు. మే నుంచి జులై వరకు మాత్రం సూర్యుడు ఉత్తరానికి జరగడంతో ఉదయం, సాయంత్రం కొంత ఎండ తగులుతుంది.

తడి వేరు, నిల్వ నీరు వేరు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నేల తడిగా ఉంటే చాలా మొక్కలు తట్టుకుంటాయి. నీరు నిలిస్తే మాత్రం వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి. ఏ రకమో తేల్చుకోవడానికి అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయాలి. అవి ఇంకాక మళ్లీ నింపాలి. గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ నీరు నిలుస్తున్నట్టే. నల్లరేగడి నేలల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. అలాంటి చోట ఇటుకలు పేర్చి, ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపి అరడుగు ఎత్తున మడి కడితే సరిపోతుంది.

నీరు నిలిచే చోట ఇవి

మడి కట్టే వీలు లేకపోతే చేమ మంచి ఎంపిక. బురదలో కూడా బాగా పెరుగుతుంది, దుంపలు కూరకు పనికొస్తాయి. వస మొక్క కూడా చిత్తడి నేలదే. పూలు కావాలంటే మెట్టతామర పెట్టొచ్చు. కాకపోతే దానికి కనీసం సగం రోజైనా ఎండ తగలాలి. చిక్కటి నీడలో ఆకులే తప్ప పూలు సరిగా రావు.

తడి ఉండి, నీరు ఇంకే చోట ఇవి

తమలపాకు తీగకు ఇది సరైన జాగా. తోటల్లో రైతులు అవిసె చెట్లు పెంచి, వాటి నీడలోనే ఈ తీగను పాకిస్తారు. ఇంట్లో అయితే ఒక కర్ర పాతితే చాలు. పసుపు, అల్లం ఓ మోస్తరు నీడలో బాగానే వస్తాయి. నీరు నిలిస్తే దుంపకుళ్లు పట్టుకుంటుంది కాబట్టి వీటిని మడి మీదే నాటాలి. నేలను కప్పడానికి సరస్వతి ఆకు బాగుంటుంది. పుదీనా కూడా వస్తుంది, కానీ జాగా అంతా ఆక్రమిస్తుంది. కుండీలో పెడితేనే అదుపులో ఉంటుంది. చిక్కటి నీడలో అందం కోసం ఫెర్న్, పీస్ లిల్లీ, సింగోనియం పెట్టుకోవచ్చు.

చిన్నపిల్లలుంటే జాగ్రత్త

నీడలో పెరిగే అందమైన ఆకుల మొక్కల్లో చాలావాటికి ఒక ప్రమాదం ఉంది. డిఫెన్‌బాకియా, కలాడియం, పీస్ లిల్లీ, సింగోనియం, మనీప్లాంట్, పచ్చి చేమ.. వీటన్నింటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ఆకు నమిలితే నోరు మండి, నాలుక, పెదాలు వాస్తాయి. డిఫెన్‌బాకియా తింటే కాసేపు మాట కూడా రాకపోవచ్చు. పాకే పిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇళ్లలో వీటిని కింద నాటకపోవడమే మంచిది. పిల్లలు నమిలితే నోరు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

దోమలు, నత్తలు, పాములు

డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే కుండీల కింద పళ్లేల్లో, ఏసీ నీళ్లు పట్టే బకెట్లలో నిల్వ నీటిని వారానికోసారి పారబోసి, తోమి ఆరబెట్టాలి. నత్తలు రాత్రిపూట బయటికొస్తాయి, టార్చి వేసి ఏరేయడమే తేలికైన మార్గం. మొక్కల్ని ఇంటి గోడకు ఆనించి నాటొద్దు. అడుగున్నర ఖాళీ వదిలితే గోడకు చెమ్మ ఎక్కదు. రాలిన ఆకులు ఊడ్చడానికి వీలుంటుంది, గుబురులో పాము, తేలు దాక్కుంటే కంటికి కనిపిస్తుంది.

నాటడానికి తొలకరి వానలు పడ్డాక జూన్, జులై నెలలు అనుకూలం. తర్వాత రోజూ నీళ్లు పోయాల్సిన పని లేదు. వేలు మట్టిలోకి రెండు అంగుళాలు దించి, పొడిగా తగిలితేనే పోయాలి. నీడలో మొక్క చనిపోవడానికి ఎక్కువసార్లు కారణం అతిగా పోసే నీళ్లే.