యంత్రభాగముల పొంతన

పెండ్లికి ముందు జాతకముల పొంతన చూచుట మన పెద్దల యాచారము. కంప్యూటరును విడిభాగములుగా కొని స్వయముగా కూర్చుకొనువారును అట్టి పొంతననే చూచుకొనవలసి యుండును. సిద్ధముగా అమ్మెడు కంప్యూటరు విషయమున ఆ శ్రమను తయారీదారులే పడుదురు. విడిభాగములు కొనువానికి ఆ భారము తనదే.

ఈ పొంతన రెండు విధములు. మొదటిది భాగమునకును భాగమునకును నడుమ ఉండవలసినది. ప్రాసెసరు మదర్‌బోర్డు మీది సాకెట్టులో సరిగా ఇమిడి తీరవలెను. డీడీఆర్4 ర్యాము పలకకును డీడీఆర్5 పలకకును గంట్లు వేర్వేరు చోట్ల నుండును. కావున ఒకదాని గాడిలో మరియొకటి దిగదు. ఈ లోపము కంటికే కనబడును. రెండవది యంత్రమునకును, దానిని నడిపించు ఆపరేటింగు సిస్టమునకును నడుమ చూడవలసిన పొంతన. ఇది కంటికి కనబడదు. భాగములన్నియు చక్కగా అమరి, దీపము వెలిగి, పంకా తిరిగినను, ధ్వని వినబడకపోవచ్చును, వైఫై పనిచేయకపోవచ్చును.

ఇట్లేల జరుగును? సిస్టమునకును భాగమునకును నడుమ డ్రైవరు అను ప్రోగ్రాము దుబాసి వలె నిలిచి, ఒకరి మాటను మరియొకరికి తెలియజేయును. దుబాసి లేనిచో ఎంత విలువైన భాగమైనను మూగదే. తయారీదారులు సాధారణముగా విండోస్ సిస్టమునకు డ్రైవర్లను తామే వ్రాసి యిత్తురు. లినక్సు సిస్టమునకు అందరును అట్లు వ్రాయరు. చిక్కు వచ్చినప్పుడు, ఆ సిస్టముతో తమకు సంబంధము లేదని కొందరు చెప్పుదురు.

లినక్సు చరిత్రమే దీనికి నిదర్శనము. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో తన 386 ప్రాసెసరు యంత్రముపై దీనిని వ్రాసెను. ఆ యేటి ఆగస్టులో దీనిని గూర్చి తెలుపుచు, తన కడ నున్న రకము హార్డుడిస్కులతో తప్ప వేరువాటితో ఇది బహుశః ఎన్నడును పనిచేయదని ఆయన తలచెను. కాని పిదప వేలాదిమంది, తమ తమ భాగములకు డ్రైవర్లు వ్రాసి చేర్చిరి. పెక్కు సంస్థలును చేయి కలిపినవి. నేడు ఇంటెల్, ఏఎండీ సంస్థల గ్రాఫిక్స్ డ్రైవర్లు లినక్సుతోనే వచ్చును. ఎన్‌విడియా సంస్థ తన డ్రైవరును సాధారణముగా వేరుగా ఇచ్చును.

కొనుటకు ముందు పరీక్షించుట యెట్లు? పెట్టె మీది పేరును మాత్రమే నమ్మరాదు. ఒకే పేరుతో అమ్ముడగు వైఫై పరికరములలో ఒక విడతయం దొక చిప్పు, మరొక విడతయందు వేరొక చిప్పు ఉండుట కలదు. నమ్మదగినది సంఖ్య. పీసీఐ పద్ధతిని అమర్చు ప్రతి భాగమునకును తయారీదారు సంఖ్య యొకటి, పరికర సంఖ్య యొకటి యుండును. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. అది 1978లో ఆ సంస్థ వెలువరించిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరే! లినక్సులో 'ఎల్ఎస్‌పీసీఐ' అను ఆజ్ఞ నిచ్చినచో భాగముల జాబితా తెరపై వచ్చును. తగిన గుర్తు చేర్చినచో ఈ సంఖ్యలును కనబడును. అదే సంఖ్య గల భాగమును లినక్సుతో వాడినవారి అనుభవమును ముందుగా వెదకి తెలిసికొనవలెను.

సరికొత్త భాగమే మేలైనదని తలచుటయు పొరపాటు. లినక్సు కెర్నెలు వెలువడిన తరువాత పుట్టిన భాగము దానికి అపరిచితము కావచ్చును. అప్పుడు క్రొత్త కెర్నెలునైన తెచ్చుకొనవలెను; లేదా కొంత పాతదై, పలువురు వాడి చూచిన భాగమునైన కొనవలెను.

తుదకు ప్రత్యక్ష పరీక్ష యుండనే యున్నది. అవే భాగములు గల యంత్రము మిత్రుని యింట నున్నచో, లినక్సు నింపిన పెన్‌డ్రైవు నుండి దానిని నడిపి చూడవచ్చును. అందలి డిస్కును తాకనవసరము లేదు. తెర, ధ్వని, వైఫై ఒక్కొక్కటిగా చూచి, యంత్రమును నిద్రపుచ్చి మరల మేల్కొల్పి చూడవలెను.

ఇంటివారు నెలలు కూడబెట్టిన సొమ్ము ఒక్క పొరపాటుతో వ్యర్థము కావచ్చును. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని లాభమేమి? పరీక్షించి కొనువాడు తన సొమ్మును కాపాడుకొనును. తాను కనుగొన్న దానిని వ్రాసి పదుగురికి తెలుపువాడు ఇతరుల సొమ్మును గూడ కాపాడును.