కారు తలుపు - కనబడని కీలు

సాధారణముగా కారు తలుపునకు కీళ్లు ముందంచున ఉండును. వెనుకంచున కీళ్లు గల తలుపులును కలవు. 1957లో ఇటలీలో వెలువడిన ఫియట్ 500 అను చిన్నకారు తలుపులు అట్టివే. ఎక్కుటకును దిగుటకును అవి సుకరములు. కాని కారు పరుగెత్తుచుండగా గడియ జారినచో, మామూలు తలుపును మూసియుంచు ఎదురుగాలియే దీనిని విసురుగా తెరచును. నడుమునకు పట్టీ లేని ఆ దినములలో లోనివారు జారిపడుటకు క్షణము చాలును. 'ఆత్మహత్య తలుపులు' అను చెడ్డపేరు వానికి అందుచేతనే వచ్చినది. 1965లో ఫియట్ 500 కీళ్లు ముందునకు మారినవి.

అట్టి తలుపునకు కీలు పైకి కనబడకుండవలెనన్నచో పని మరింత కఠినము. కీలు బయట ఉన్నచో తలుపు అడ్డులేక తిరుగును. ఊరక లోపలికి జరిపినచో తలుపు అంచు కారు రేకును ఒరయును. కావున కీలు మేకును స్తంభములో దాచి, అందుండి తలుపునకు పోవు ఇనుప చేతిని కొంగమెడవలె వంతురు. ఆ వంపు రేకు అంచును తప్పించుకొని తలుపును వెలుపలికి గొనిపోవును. చూపరులకు తలుపు దేనిపై తిరుగుచున్నదో తెలియదు! అయితే పైమేకును క్రిందిమేకును ఒకే సరళరేఖపై ఉండవలెను. కారు ప్రక్కభాగము వంపుగా ఉండుటచే ఇది సులభము కాదు. రవ్వంత తప్పినను తలుపు బిగుసుకొనును.

గడియ భయమునకును ఉపాయము దొరకినది. 2003లో జపానునుండి వచ్చిన మాజ్దా ఆర్‌ఎక్స్-8 కారులో ముందుతలుపు తెరువనిదే వెనుకతలుపు తెరచుకొనదు.