కరవు సీమలో కార్ల పోరు: కియా బలం ఎక్కడ, ముప్పు ఎక్కడ?

పెనుకొండ: 2017 వేసవిలో వారాల తేడాతో రెండు ప్రకటనలు వెలువడ్డాయి. దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం నెలకొల్పేందుకు ఏప్రిల్ చివర్లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మే నెలలో అమెరికా దిగ్గజం జనరల్ మోటార్స్ ఆ ఏడాది చివరికి భారత్‌లో కార్ల విక్రయాలు నిలిపివేస్తామని తెలిపింది. ఒకరు ఇల్లు కట్టుకునేందుకు ముగ్గు పోస్తుంటే మరొకరు మూటాముల్లె సర్దుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరులో ఫోర్డ్ కూడా దేశంలో కార్ల తయారీ నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించింది.

శతాబ్దానికి పైగా చరిత్ర గల సంస్థలు నిలవలేని చోట కొత్తగా వచ్చిన కియా ఎలా నిలదొక్కుకుంది? ప్రత్యర్థుల దాడిని ఎంతకాలం తట్టుకోగలదు? వేరుసెనగ పంటను, వలస బతుకును తప్ప మరో ఆధారాన్ని ఎరుగని ఈ ప్రాంతానికి ఇవి కేవలం వ్యాపార వర్గాల ప్రశ్నలు కావు. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లాలో భాగమైన పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో నెల జీతం అందుకునే అనేక కుటుంబాల భవితవ్యం ఈ కార్ల పోటీతో ముడిపడి ఉంది.

బంజరు నేలలో కర్మాగారం

విజయనగర రాజులకు ఒకప్పుడు రాజధానిగా వెలిగిన పెనుకొండ, ఆధునిక కాలంలో పరిశ్రమలకు నోచుకోలేదు. బెంగళూరు, హైదరాబాద్‌లను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎర్రమంచి వద్ద దాదాపు 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం తలపెట్టారు. హంద్రీ-నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుంచి నీరు అందించే ఏర్పాటు జరిగింది. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 22న తొలి కారు సెల్టోస్ విపణిలోకి వచ్చింది. డిసెంబరు 5న కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. 2023 జులై నాటికి ఇక్కడ తయారైన కార్ల సంఖ్య 10 లక్షలకు చేరింది.

అన్న అస్థిపంజరం, తమ్ముడి ముఖం

కియా విజయాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు దాని వంశవృక్షం తెలియాలి. 1944లో సైకిల్ విడిభాగాల తయారీతో మొదలైన ఈ సంస్థ, 1997 నాటి ఆసియా ఆర్థిక సంక్షోభంలో దివాలా తీసింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ దానిని చేజిక్కించుకుంది. ప్రస్తుతం కియాలో దాదాపు మూడో వంతు వాటా హ్యుందాయ్‌దే. 2022లో ఈ రెండు సంస్థల బృందం విక్రయాల్లో టయోటా, ఫోక్స్‌వ్యాగన్ తర్వాత ప్రపంచంలో మూడో స్థానానికి ఎదిగింది.

హ్యుందాయ్ 1998లోనే చెన్నై సమీపంలోని శ్రీపెరంబుదూరు నుంచి శాంత్రో కారుతో భారత్‌లో అడుగుపెట్టింది. విడిభాగాల సరఫరాదారులను కూడగట్టడం, భారతీయ కొనుగోలుదారు మనసు తెలుసుకోవడం వంటి కష్టమైన పనులన్నీ ఇరవై ఏళ్ల పాటు అన్న చేసి పెట్టాడు. తమ్ముడు సిద్ధంగా ఉన్న బాటపై నడిచి వచ్చాడు. సెల్టోస్, 2020లో వచ్చిన రెండో తరం క్రెటా ఒకే మూల చట్రంపై రూపొందాయి. సోనెట్, వెన్యూల సంగతీ అంతే. ఇంజిన్లూ చాలావరకు ఉమ్మడివే. పైకి కనిపించే రూపం, లోపలి అలంకరణ, సదుపాయాలు మాత్రం వేరు.

ఈ పద్ధతిలో ఆదా అపారం. కొత్త చట్రం, కొత్త ఇంజిన్ రూపొందించే ఖర్చు రెండు సంస్థల కార్లపై పంచుకోబడుతుంది. మిగిలిన సొమ్మును కియా కొనుగోలుదారు కంటికి కనిపించే వాటిపై వెచ్చించింది. పెద్ద తెరలు, గాలి వచ్చే సీట్లు, ఫోనుతో అనుసంధానం వంటివి ఖరీదైన కార్లకే పరిమితమైన రోజుల్లో, 9.69 లక్షల నుంచి 15.99 లక్షల రూపాయల ప్రారంభ ధరల శ్రేణిలో వచ్చిన సెల్టోస్ పై రకాల్లో వాటిని అందించింది. అమ్మకాలు మొదలయ్యే నాటికే 160 నగరాల్లో 265 విక్రయ, సేవా కేంద్రాలను సిద్ధం చేసుకుంది. కొత్త సంస్థ కారు కొంటే మరమ్మతుకు ఎక్కడికి వెళ్లాలన్న సందేహాన్ని అలా ముందే తీర్చింది.

చిన్న కారు జోలికి పోలేదు

రెండో నిర్ణయం అంతకన్నా సాహసోపేతమైనది. భారత్‌లో గెలవాలంటే చవకైన చిన్న కారు తప్పనిసరి అన్నది 1983లో మారుతి 800 వచ్చిన నాటి నుంచి పరిశ్రమ నమ్మిన సూత్రం. కియా ఆ రంగంలో అడుగే పెట్టలేదు. ఎత్తుగా, దృఢంగా కనిపించే ఎస్‌యూవీ తరహా వాహనాలనే నమ్ముకుంది. 2020లో సోనెట్‌ను, 2022లో మూడు వరుసల సీట్ల కారెన్స్‌ను తెచ్చింది.

గాలి కూడా అటే వీచింది. 2018-19లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో ఎస్‌యూవీలు, బహుళ వినియోగ వాహనాల వాటా మూడో వంతు కన్నా తక్కువ. 2024-25లో మొత్తం 43 లక్షల వాహనాలు అమ్ముడు కాగా అందులో వీటి వాటా దాదాపు 65 శాతం. మార్కెట్ మలుపు తిరిగే వేళకు సరిగ్గా అక్కడ నిలబడటం కియాకు కలిసివచ్చింది.

ఇతరులు వదిలిన చోటును పట్టుకోవడం మూడో ఎత్తుగడ. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చినప్పుడు ఖర్చు భారమవుతుందని మారుతి డీజిల్ కార్లను పూర్తిగా మానేసింది. రెనో, ఫోక్స్‌వ్యాగన్‌లదీ అదే దారి. కియా మాత్రం డీజిల్‌ను వదల్లేదు. ఎక్కువ దూరం తిరిగే కొనుగోలుదారుల్లో చాలామందికి ఎంపికలు తగ్గిపోయి సెల్టోస్, సోనెట్‌ల వైపు మొగ్గే పరిస్థితి ఏర్పడింది.

ఒకే ఎత్తు అందరికీ తెలిసిపోతే

వ్యాపారంలో విజయవంతమైన సూత్రం ఎక్కువ కాలం ఒకరి సొత్తుగా ఉండదు. 2022 నుంచి 2024 వరకు కియా వార్షిక దేశీయ విక్రయాలు రెండున్నర లక్షల చుట్టూనే తిరిగాయి. కారణం వెతకాల్సింది ప్రత్యర్థుల శిబిరాల్లో.

మారుతి సుజుకీ: 2018-19లో సగానికి పైగా ఉన్న మార్కెట్ వాటా 2024-25 నాటికి దాదాపు 41 శాతానికి పడిపోయింది. ఎస్‌యూవీల గిరాకీని ఆలస్యంగా గుర్తించడమే ఇందుకు ప్రధాన కారణం. తర్వాత గ్రాండ్ విటారా, ఫ్రాంక్స్, 2025లో విక్టోరిస్ వంటి వాహనాలతో లోటు పూడ్చుకునే ప్రయత్నం చేసింది. మారుమూల మండల కేంద్రంలోనూ మరమ్మతు దొరకడం, ఇంధన పొదుపు, సీఎన్‌జీ కార్లు నేటికీ దాని పెట్టని కోటలు.

టాటా మోటార్స్: భద్రతనే ఆయుధంగా మలచుకుంది. 2018 డిసెంబరులో నెక్సాన్ ప్రమాద పరీక్షల్లో ఐదు నక్షత్రాలు సాధించింది. 2020లో సెల్టోస్‌కు, 2022లో కారెన్స్‌కు దక్కినవి మూడే. 2024 సంవత్సరంలో దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారుగా టాటా పంచ్ నిలిచింది. దశాబ్దాలుగా మారుతి కార్లకే దక్కుతూ వచ్చిన స్థానమది.

మహీంద్రా: సెడాన్లు, చిన్న కార్ల జోలికి పోకుండా ఎస్‌యూవీలకే పరిమితమైంది. థార్, స్కార్పియో, ఎక్స్‌యూవీ 700 ద్వారా 2024-25లో 5.5 లక్షల వాహనాలు అమ్మింది. ఆ ఏడాది హ్యుందాయ్ 5.98 లక్షలు, టాటా 5.5 లక్షలకు పైగా విక్రయించాయి. రెండో స్థానం కోసం పోరు ఎంత హోరాహోరీగా ఉందో ఈ అంకెలే చెబుతున్నాయి.

టయోటా: కియాకు ఇదే అత్యంత ఆసక్తికరమైన ప్రత్యర్థి. హ్యుందాయ్-కియా అనుసరించిన పంపకపు పద్ధతినే టయోటా మారుతితో కలిసి అమలు చేస్తోంది. మారుతి బాలెనో టయోటా పేరుతో గ్లాంజాగా అమ్ముడవుతుంది. గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ రెండూ బెంగళూరు సమీపంలోని బిడది కర్మాగారంలోనే రూపుదిద్దుకున్నాయి. పెట్రోలు, విద్యుత్తు కలగలిపి నడిచే హైబ్రిడ్ కార్లు టయోటాకు అదనపు బలం. 2025 చివరి వరకు పెనుకొండలో తయారైన కార్లలో పూర్తిస్థాయి హైబ్రిడ్ ఒక్కటీ లేదు. దేశీయ విక్రయాల్లో టయోటా 2024లో కియాను దాటి ముందుకు వెళ్లింది.

చివరి ప్రత్యర్థి సొంత ఇంట్లోనే ఉన్నాడు. 2024 అక్టోబరులో 27,870 కోట్ల రూపాయల షేర్ల విక్రయానికి వచ్చిన హ్యుందాయ్ భారత విభాగం, తన పత్రాల్లో కియాను కూడా పోటీదారుగా పేర్కొంటూ మదుపరులను హెచ్చరించింది. క్రెటా కొన్నవారు సెల్టోస్ కొనరు కదా!

పన్నులోనూ వ్యూహం

కారు పొడవుకూ, పన్నుకూ ఉన్న సంబంధం సామాన్య కొనుగోలుదారుకు అంతగా తెలియదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించని కార్లను చిన్న కార్లుగా పరిగణిస్తారు. సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. గీతకు అయిదు మిల్లీమీటర్లు లోపలే ఆగడం యాదృచ్ఛికం కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు పరిహార సెస్సుతో కలిపి పెట్రోలు కార్లపై 29, డీజిల్ కార్లపై 31 శాతం ఉండేది. పెద్ద కార్లపై సెస్సు తొలగించి 40 శాతంగా నిర్ణయించారు. ఫలితంగా సోనెట్ ధర గరిష్ఠంగా 1.64 లక్షల రూపాయల వరకు తగ్గగా, సెల్టోస్‌పై తగ్గింపు 75 వేల వరకే పరిమితమైంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన సైరోస్‌కూ చిన్న కారు లబ్ధి దక్కింది. అయితే ఈ మార్పుతో అత్యధికంగా మేలు పొందే స్థితిలో ఉన్నది చిన్న కార్ల రారాజు మారుతియే. ద్విచక్ర వాహనం నుంచి తొలి కారుకు మారే కుటుంబం మళ్లీ షోరూము మెట్లెక్కితే, చిన్న కారు లేని కియా ఆ కుటుంబానికి చూపగలిగేది సోనెట్ మాత్రమే.

విద్యుత్ కార్ల పరీక్ష

విద్యుత్ కార్లపై జీఎస్‌టీ 5 శాతమే. 2020 జనవరిలో నెక్సాన్ విద్యుత్ కారుతో టాటా ముందంజ వేసింది. మహీంద్రా, ఎంజీ కూడా రంగంలోకి దిగాయి. 2025 ఆగస్టులో గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో మారుతి ఈ-విటారా ఉత్పత్తి మొదలైంది. కియా 2022లోనే ఈవీ6ను దిగుమతి చేసుకుని విక్రయించినా అది సంపన్నులకే పరిమితం. ఎర్రమంచిలో తయారైన తొలి విద్యుత్ కారు కారెన్స్ క్లావిస్ ఈవీ 2025 జులైలో 17.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. భద్రతలోనూ సంస్థ లోటు దిద్దుకుంది. సైరోస్ 2025లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఐదు నక్షత్రాలు పొందింది.

పెనుకొండ ఎందుకు పట్టించుకోవాలి?

కార్ల కర్మాగారానికి సామర్థ్యం మేరకు ఉత్పత్తి జరగడమే ప్రాణం. యంత్రాలు, రుణాలు, నిర్వహణ ఖర్చులు కార్లు అమ్ముడైనా, కాకపోయినా ఉంటాయి. ఉత్పత్తి తగ్గితే మొదటి దెబ్బ ఒప్పంద కార్మికులకు, ఆ తర్వాత అనుబంధ పరిశ్రమలకు, వాటిని నమ్ముకున్న రవాణా వాహనాలకు, అద్దె ఇళ్లకు, రహదారి పక్కన వెలసిన హోటళ్లకు తగులుతుంది. 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోవచ్చన్న వార్త వచ్చినప్పుడు ఈ ప్రాంతం ఉలిక్కిపడింది. సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం రెండూ దానిని ఖండించాయి. తరలింపు జరగలేదు. కానీ ఒకే పరిశ్రమపై ఆధారపడటంలోని ప్రమాదం ఆ ఒక్క రోజులో తెలిసివచ్చింది.

పుణె సమీపంలోని తలెగావ్ అనుభవం ఇందుకు హెచ్చరిక. దేశీయ విక్రయాలు ఆపిన తర్వాత ఎగుమతుల కోసమే నడిచిన జనరల్ మోటార్స్ కర్మాగారంలో 2020 చివరికి ఉత్పత్తి ఆగింది. దానిని హ్యుందాయ్ కొనుగోలు చేసి, 2025లో మళ్లీ కార్ల తయారీ ప్రారంభించే వరకు అక్కడ ఒక్క కారూ తయారు కాలేదు. అమ్మిన సంస్థ మరో దేశంలో వ్యాపారం చేసుకుంది. కొన్న సంస్థకు సామర్థ్యం పెరిగింది. మధ్యలో నాలుగేళ్లకు పైగా నిరీక్షణ ఆ ఊరికి మిగిలింది.

కియా పరిస్థితి అటువంటిది కాదు. కొత్త వాహనాలు వస్తున్నాయి, పశ్చిమాసియా, ఆఫ్రికా దేశాలకు ఎగుమతులూ సాగుతున్నాయి. అయినా తొలి విజయాన్ని తెచ్చిన మూడు అనుకూలతల్లో ఎస్‌యూవీల గాలి ఇప్పుడు అందరి తెరచాపలకూ వీస్తోంది. డీజిల్ గిరాకీ కాలంతో పాటు తగ్గేదే. అన్న నుంచి అందే చట్రాలు, ఇంజిన్లు మాత్రమే నికరమైన బలం. ఇక ముందు నిర్ణాయకం కాబోయేవి రెండు. సామాన్యుడికి అందే ధరలో విద్యుత్, హైబ్రిడ్ కార్లు ఎర్రమంచి నుంచి ఎంత వేగంగా వస్తాయన్నది మొదటిది. చెన్నై పరిసరాలపై ఆధారపడకుండా ఇంజిన్లు, బ్యాటరీలు, కీలక విడిభాగాల తయారీ ఈ జిల్లాలోనే ఎంత మేరకు వేళ్లూనుకుంటుందన్నది రెండోది. మొదటిది సంస్థ చేతిలో ఉంది. రెండోదానికి నీరు, రహదారులు, నైపుణ్య శిక్షణ సమకూర్చాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.