నలుపు నారాయణ మెచ్చు

మన ఇండ్లలో పాత్ర నల్లబడితే చేయి చింతపండువైపు పోతుంది. ఇత్తడి చెంబుకూ, రాగి బిందెకూ ఆ ఉపచారం తగినదే. కాని బీదరు పనితనంగల పూలకూజాను కూడ ఆ వరుసలో చేర్చి తోమినవారు తెలియకనే ఒక కళాఖండాన్ని చెరిపివేసిన వారవుతారు. అక్కడి నలుపు మకిలి కాదు. శిల్పి కోరి దిద్దిన రంగు.

తుపాకి గొట్టాల నీలినలుపు కూడ ఇటువంటిదే. ఎర్రని తుప్పు ఇనుమును తినివేస్తుంది. అదే ప్రాణవాయువు వేరొక పాలులో కలిసి నల్లని పొరయై నిలిస్తే, నూనెపూత తోడుగా ఇనుమునకు కవచమవుతుంది. వేడి అక్కరలేకుండ ఇంటనే గుడ్డతో పూసుకొనే సీసామందులూ ఉన్నవి. వాటిలో చాలవరకు రాగి, సెలీనియం కలిసిన పలుచని పూతనే ఇస్తవి. ఆ పూత రాపిడికి ఆగదు, సెలీనియమా, విషం.

బీదరులో మూలలోహం జింకు. దానికి కొద్దిగా రాగి చేర్చి ఇసుక అచ్చులో పోతపోస్తారు. ఆకురాతితో నునుపుచేసి మైలుతుత్తపు నీరు పూస్తారు. పైభాగం తాత్కాలికంగా నల్లబడుతుంది. ఉలితో చెక్కిన గీత పలకమీద బలపపు గీతవలె తెల్లగా కనబడుతుంది. ఆ గీతలలో వెండి పొదిగి మరల అరగదీస్తారు. మైలుతుత్తపు నలుపు కాస్తా పోతుంది. వెండీ, జింకూ ఒకే తెలుపు. పువ్వేదో ఆకేదో తెలియదు! ఇంత శ్రమా ఏమైపోయినట్లు?

అప్పుడు మట్టి వస్తుంది. బీదరు కోటలో ఎండవానలు సోకని చోట త్రవ్వి తెచ్చిన మట్టి అది. పనివారు నాలుకపై వేసుకొని రుచిచూచి మరీ ఎన్నుకొంటారట. దానిని నవాసారంతో కలిపి, కాస్త వేడిచేసిన పాత్రకు రుద్దుతారు. జింకు కాటుకవలె నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. మొదట చేర్చిన ఆ కొద్దిపాటి రాగియే లేకుంటే ఇంత చిక్కని నలుపు రాదు.

బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. హుక్కా కుదుళ్ళు, పాన్‌దాన్‌లు ఆ నగరపు పాత ఇండ్లలో ఉండడం అందుచేతనే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలైనవి చూడవచ్చును. ఇంట ఉన్నవాటికి పులుపు తగలనీయరాదు. పులుపు జింకును తింటుంది. మెత్తని పొడిగుడ్డ, ఒక చుక్క నూనె చాలును. ఇదివరకే తోమి తెల్లబోయిన పాత్రకు ఇనుముకోసం చేసిన సీసామందు పూయవద్దు. బీదరు పనివారికి చూపించండి. ఆ మట్టి వారివద్దనే ఉన్నది.