చలనచిత్రోత్సవమా? బిరుదుల బేరమా?

తిరుపతివాసులకు దళారుల సంగతి చెప్పనక్కరలేదు. దర్శనము చేయించెదమని రొక్కము పుచ్చుకొని, యాత్రికుని వీధిలో నిలిపి మాయమగువారిని వారెరుగుదురు. చలనచిత్రోత్సవముల పేరిట జరుగు మోసమును ఇట్టిదే.

అప్పుచేసి చిన్న చిత్రము తీసిన యువకునికి ఒకనాడు వర్తమానము వచ్చును: మీ చిత్రము అంతర్జాతీయ బహుమతికి ఎన్నికైనదని. పిమ్మట జ్ఞాపికకింత, ప్రశంసాపత్రమునకింత అని లెక్క వచ్చును. చిత్రమును చూచినవారు మాత్రము ఒక్కరును ఉండరు.

ప్రవేశరుసుము అడుగుటయే మోసము కాదు. పేరుగల ఉత్సవములును రుసుము గైకొనును. నిజమైన ఉత్సవమునకు గుర్తు ప్రేక్షకుడు. 1952లో జరిగిన మన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున, అనంతపురం జిల్లావాడైన కె. వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’ని తెరపై ప్రదర్శించిరి.

కావున రుసుము కట్టుటకు ముందే విచారింపవలెను. ఏ ఊర, ఏ హాలులో, ఏ తేదీన చూపెదరు? న్యాయనిర్ణేతలెవరు? నెలనెలకును పదులకొలది బహుమతులు పంచుచున్నారా? నిరుడు పాల్గొన్న దర్శకులకే జాబు వ్రాసి అడుగుట మేలు. ఆస్కారు పోటీకి అర్హత కల్పించు ఉత్సవమని చెప్పినచో, అకాడమీవారు ప్రకటించు పట్టికలో ఆ పేరు ఉన్నదేమో చూడవలెను.

మోసపోయినవారు జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము ఒకవేళ తిరిగి రావచ్చును. కాని అట్టివారు చిత్రమును అంతర్జాలమున బహిరంగపరచినచో, తొలి ప్రదర్శన తమకే కావలెనను పెద్ద ఉత్సవములలో దానికి చోటు దొరకదు. కొనుక్కున్న జ్ఞాపికకంటె, చిత్తూరులో ఒక హాలున యాభైమంది కూర్చుండి చూచుట ఆ యువకునికి నిజమైన లాభము.