తొలి సైకిలు యాత్రకు సన్నాహము

మన విద్యార్థులలో సైకిలు త్రొక్క నేర్చినవారు పెక్కుమంది కలరు. వారిలో కొందరు సెలవులలో మూడు నాలుగు దినముల యాత్ర చేయగోరుచున్నారు. కోరిక మంచిదే. కాని ఒకనాడు ముప్పది నలువది కిలోమీటర్లు త్రొక్కి, సాయంకాలమునకు ఇల్లుచేరి పరుండుట వేఱు. మఱునాటి యుదయమున నొచ్చిన కాళ్లతో మరల అదే సీటుపై కూర్చుండి, అంతకు మించిన దూరము పోవుట వేఱు. మొదటి దినమున ఉత్సాహమే మనలను నడుపును. రెండవ దినమున సన్నాహము నడుపవలెను. కనుక ఆ సన్నాహ మెట్టిదో ఇచ్చట సంగ్రహముగా వివరించుచున్నాము.

మొదట దారిని నిర్ణయింపవలెను. క్రొత్తవారికి కొండదారులు తగవు. గోదావరి డెల్టా సమతలమగుటచే తొలియాత్రకు మిక్కిలి అనుకూలము. రాజమహేంద్రవరమున బయలుదేరి, ధవళేశ్వరము బ్యారేజి దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురము, రావులపాలెముల మీదుగా మొదటిరాత్రికి అమలాపురము చేరవచ్చును. రెండవ దినమున ముమ్మిడివరము, ఎదుర్లంక, యానాముల మీదుగా కాకినాడకును, మూడవ దినమున ద్వారపూడి మీదుగా మరల రాజమహేంద్రవరమునకును రావచ్చును. దినమునకు సుమారు 60 మొదలు 65 కిలోమీటర్ల ప్రయాణము. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థర్ కాటను దొర కట్టించిన ఆనకట్ట వలన ఈ సీమ యెట్లు మాగాణియైనదో, కాలువల వెంట పోవు బాలునకు పుస్తకములో చదివినదానికంటె స్పష్టముగా తెలియును.

సామానుతో పోవు క్రొత్తవాడు గంటకు 12 మొదలు 15 కిలోమీటర్లకు మించి పోజాలడు. అనగా 60 కిలోమీటర్లకు నాలుగైదు గంటలు పట్టును. విశ్రాంతితో చేర్చి ఏడు గంటలని యెంచుకొనవలెను. డిసెంబరు, జనవరి మాసములు మేలైనవి. వేసవి యెండలో ఇట్టి ప్రయాణము ప్రాణాపాయకరము.

ఇక శరీరమును సిద్ధపఱచుట. ఎనిమిది వారముల అభ్యాసము చాలును. మొదటి రెండు వారములు వారమునకు మూడుమారులు 10 లేక 15 కిలోమీటర్లు త్రొక్కి, తరువాత కొంచెము కొంచెముగా దూరమును పెంచవలెను. ఒక్కసారిగ పెంచినచో మోకాళ్లు నొచ్చును. ఏడవ వారమున, వరుసగా వచ్చు రెండు సెలవుదినములలో, యాత్రకు కొనిపోవు సామానంతయు కట్టుకొని దినమునకు 40 కిలోమీటర్లు పోయి చూడవలెను. ఇదియే నిజమైన పరీక్ష. ఇందు రెండవనాడు తేలికగా త్రొక్కినవాడు యాత్రకు అర్హుడు. కడపటి వారమున అభ్యాసము తగ్గించి విశ్రమింపవలెను.

సీటు ఎత్తును సరిచేసికొనుట చాలమంది యెఱుగరు. పెడలు క్రిందికి దిగినపుడు మడమను దానిపై ఉంచినచో కాలు తిన్నగా చాగవలెను. అట్లున్నచో, పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. సీటు మిక్కిలి క్రిందికున్నచో మోకాలి ముందుభాగము నొచ్చును. మిక్కిలి ఎత్తైనచో నడుము అటునిటు ఊగును. బ్రేకు రబ్బర్లు, టైర్లు, చైను, చక్రపు పుల్లలు యాత్రకు పదిదినముల ముందే చూపించుకొనవలెను. గాలిపంపు, ఒక ట్యూబు, సొల్యూషను, అతుకు ముక్కలు, టైరు విప్పు పుల్లలు, స్పానరు వెంట నుండవలెను. పంక్చరు వేయుట ప్రతివాడును ఇంటియొద్దనే తనచేతితో ఒకమారైనను చేసి నేర్వవలెను.

సామాను ఎంత తక్కువైన అంత సుఖము. 1884లో పెద్దచక్రపు సైకిలుపై శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, 1886లో లాహోరు నుండి కలకత్తా వరకు మన దేశమును దాటిన థామస్ స్టీవెన్సు, బయలుదేరునపుడు కొనిపోయిన వస్త్రములు మేజోళ్లు, ఒక చొక్కా, పడకగను గుడారముగను ఉపయోగించు వానకోటు మాత్రమే. లోకము చుట్టివచ్చినవానికి అంత చాలినపుడు మూడునాళ్ల యాత్రకు పెట్టె లేల? రెండు జతల బట్టలు, తువ్వాలు, దుప్పటి, మందులు చాలును. వానిని వీపున మోయక క్యారియరుకు గట్టిగా కట్టవలెను. బరువైనవి క్రిందికి, ఇరువైపుల సమముగా నుండవలెను.

దాహము వేయకమునుపే కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండవలెను. ఉప్పు, పంచదార కలిపిన నీరును, మజ్జిగయు మేలు. గంటకొకమారు అరటిపండు, వేరుసెనగ ఉండ, వేయించిన సెనగలు వంటివి తినవలెను. కడుపునిండ భోజనము గమ్యము చేరిన పిదపనే. ఎవనికైన తల త్రిప్పినను, మాట తడబడినను వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో దేహమును చల్లార్చి, వైద్యునొద్దకు కొనిపోవలెను. అట్టివానిని మరల సైకి లెక్కింపరాదు.

ఎడమప్రక్కను ఒకరివెనుక నొకరు పోవలెను. హెల్మెట్టు తప్పనిసరి. ఉదయమున మంచు కమ్మినచో ఎండ వచ్చువఱకు ఆగవలెను. చీకటి పడకమునుపే బస చేరవలెను. అందఱికంటె మెల్లగా పోవువాని వేగమే జట్టు వేగము. మఱమ్మతు సామగ్రి గల నేర్పరి యొకడు అందఱి వెనుక నుండవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు పోవు దారియు, రాత్రిబసలును వ్రాయించి మీయొద్ద ఉంచుకొనుడు. ప్రతిసాయంకాలమును సెల్‌ఫోనులో క్షేమము తెలుపుడని నియమింపుడు. పెద్దవారెవరైన తోడులేక పంపకుడు. బయలుదేరునపుడే బస్సుచార్జికి వలసిన సొమ్ము వేఱుగ నిండు. ఎవనికైన అలసట మించినచో సైకిలును ఒకచోట భద్రపఱచి బస్సులో తిరిగివచ్చుట అవమానము కాదని వారికి ముందే చెప్పుడు. పంతమునకు పోయి పెద్దకీడు తెచ్చుకొనుటకంటె అదియే వివేకము.

ఇట్లు ఎనిమిది వారములు ఓపికతో సిద్ధపడినవాడు రెండవనాటి యుదయమున భయపడడు. తన దేహబలమెంతో, తోడివాని అవసరమేమో ఎఱిగి మెలగును. బడిలో పాఠముగా చెప్పుటకు శక్యముకాని యీ నేర్పును మన పిల్లలు దారిలో నేర్తురుగాక యని కోరుచున్నాము.