పనికెళ్లే ఇంట పావుగంట వంట

మిరప కోతలు, పత్తి తీతలు మొదలయ్యాయంటే పశ్చిమ ప్రకాశం పల్లెల్లో కోడి కూయకముందే పొయ్యి వెలుగుతుంది. కూలీల ఆటో తెల్లవారేసరికి ఊళ్లోకి వచ్చి హారన్ కొడుతుంది. ఈలోగా సద్ది కట్టుకోవాలి, గొడ్డుకు మేత వేయాలి, ఆడపిల్లలకు జడలు వేయాలి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లదీ ఇదే వరస. ఈ హడావుడిలో పిల్లల కడుపులోకి పోయేది ఒక గ్లాసు టీ, అందులో ముంచిన రెండు బిస్కెట్లు. సాయంత్రం బడి వదిలేసరికి తల్లి చేను నుంచి రాకపోతే చిల్లర కొట్టులో ఐదు రూపాయల చిప్స్ పొట్లం. తల్లులకు తెలియక కాదు, తీరిక లేక.

వేరేచోట అయితే ఇదేదో పిల్లల చిరుతిండి సంగతి అని వదిలేయవచ్చు. ఇక్కడ వదిలేయడానికి వీల్లేదు. కారణం నీరు. కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతాల్లో ఎన్నో గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్నది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు అన్నది మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లకు గార పట్టినట్లు మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి.

దీనికి మొదటి మందు మంచినీరే. తిండి దానికి బదులు కాదు. కానీ ఒంట్లో కాల్షియం, సి విటమిన్ తక్కువగా ఉన్న పిల్లలను ఫ్లోరైడ్ మరింతగా పీడిస్తుంది. భోజనంలో కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను కడుపులోనే కొంత పట్టి ఉంచి రక్తంలోకి పోకుండా అడ్డుకుంటుంది. అలాంటి పిల్లవాడికి పొద్దున్నే డికాషన్ ఎక్కువ, పాలు తక్కువ అయిన టీ ఇవ్వడమంటే పుండు మీద కారం చల్లడమే. టీ ఆకులో స్వతహాగా ఫ్లోరైడ్ ఉంటుంది. పైగా తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. చాట్ బండ్ల వద్ద చల్లే నల్ల ఉప్పులోనూ ఫ్లోరైడ్ ఎక్కువే.

ఇంకో సంగతి. నీళ్లు మరగకాస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. తాగడానికి డబ్బా నీళ్లు కొనుక్కుని, పప్పు, అన్నం మాత్రం బోరు నీటితో వండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ నీరు అన్నంతోపాటు కడుపులోకే పోతుంది కదా. దొరికిన మంచినీటిలో కొంత వంటకు కూడా తీసి పెట్టుకోవాలి.

మన తిండి ఎక్కడికి పోయింది?

1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. అందుకే ఇక్కడి వంటలో రాయలసీమ వాసన ఎక్కువ. కంభం చెరువు కింద లాంటి మాగాణి ఉన్నచోట వరి అన్నం. మెట్ట ఊళ్లలో సజ్జ రొట్టె, కొర్రన్నం, జొన్న సంగటి, అంబలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక తెల్లన్నం గుడిసె గుడిసెకూ చేరింది. ఆకలి తీర్చిన పథకాన్ని ఆడిపోసుకోవలసిన పని లేదు. అయితే సజ్జలు దంచి, చెరిగి, విసిరే చాకిరీ తప్పిందని ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్న మాటా నిజమే. ఇప్పుడు ఆ చాకిరీ మిల్లు చేస్తున్నది. కొర్రబియ్యం అంగట్లోనే దొరుకుతున్నది. అలవాటు మాత్రం తిరిగి రాలేదు.

100 గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు దాటదు. రాగుల్లో 340కి పైనే ఉంటుంది. ఇనుము విషయంలోనూ బియ్యం కంటే సజ్జలు ఎన్నో రెట్లు మెరుగు. 2023 మార్చిలో బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టిందీ ఇందుకే.

రాత్రి నానబెడితే చాలు

అన్నిటికన్నా తేలిక అంబలి. నలుగురికి అర గ్లాసు రాగి పిండి, నాలుగు గ్లాసుల నీళ్లు. పిండిని రాత్రి కొద్ది నీళ్లలో కలిపి మూత పెట్టాలి. ఉదయానికి కాస్త పులుస్తుంది. మిగతా నీళ్లు మరిగాక పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయాలి. వేడి మీద మజ్జిగ పోస్తే విరుగుతుంది. టీ గ్లాసు స్థానంలో ఈ గ్లాసు పెడితే సగం పని అయినట్లే.

కొర్రలు కూడా రాత్రి నానబెట్టినవైతే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లతో పావుగంటలో ఉడుకుతాయి. ఉప్మా చేసినా సరే, పెరుగు కలిపి సద్ది కట్టినా సరే.

గుగ్గిళ్ల సంగతి చెప్పనక్కర్లేదు గానీ, దేవుడి ప్రసాదంగానే చూస్తున్నాం. శనగలు, అలసందలు, ఉలవలు ఏవైనా రాత్రి నానేసి, అన్నం కుక్కర్ దించగానే అదే కుక్కర్‌లో ఉప్పు వేసి ఉడికించి, ఎండుమిరప, కరివేపాకు పోపు పెడితే చాలు. పొడిపొడిగా ఆరబెట్టి డబ్బాలో పెడితే సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు తామే తీసుకుని తింటారు. ఎండాకాలంలో కొబ్బరి కలపవద్దు, మధ్యాహ్నానికే పాచిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో కందికాయలు ఉన్నన్నాళ్లూ ఇదీ అక్కర్లేదు. పచ్చి కాయలను ఉప్పు నీళ్లలో ఉడికించి వలుచుకు తింటుంటే ఏ పొట్లమూ గుర్తుకు రాదు.

బొరుగుల ఉగ్గాణి అందరికీ తెలిసిందే. మనిషికి మూడు దోసిళ్ల బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు పోపులో తిప్పితే పది నిమిషాలు. కానీ బొరుగులూ బియ్యమే. బలమంతా పైన చల్లే పప్పుల పొడిలో ఉంటుంది. వేయించిన శనగపప్పు, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచిన ఆ పొడిని వారానికి సరిపడా చేసి పెట్టుకోవాలి. ఉగ్గాణిలో గుప్పెడు శనక్కాయ గింజలు వేయాలి, దించాక నిమ్మకాయ పిండాలి. నిమ్మ పులుపు ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. నిమ్మకాయ ధర పలికే రోజుల్లో నల్లమల ఉసిరి, పెరటి జామకాయ ఆ పని చేస్తాయి.

సజ్జ పిండిని మాత్రం నెలకు సరిపడా పట్టించకండి. సజ్జల్లో నూనె ఎక్కువ, పిండి త్వరగా చేదెక్కుతుంది. పిల్లలు ఒకసారి చేదు తగిలి ఉమ్మేస్తే మళ్లీ ముట్టరు. వారానికి సరిపడానే పట్టించాలి. పిండిలో మునగాకు, ఉల్లిపాయ, నువ్వులు వేసి వేడినీళ్లతో కలిపి పెనం మీద తట్టితే కూర అవసరం లేని రొట్టె. ఉదయం మిగిలిన ఉత్త సజ్జ రొట్టెను సాయంత్రం చిదిమి, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తే ముసలివాళ్లు కూడా నమలగలరు.

ఆదివారం ఓ పావుగంట దొరికితే నువ్వుల చిమ్మిరి చేసి డబ్బాకు పోయండి. పొట్టు తీయని నువ్వులు దోరగా వేయించి, సమానంగా బెల్లం వేసి దంచడమే. పొట్టు తీస్తే కాల్షియం బాగా తగ్గిపోతుంది. చూడటానికి తెల్లగా ఉండాలన్న ముచ్చట ఇక్కడ పనికిరాదు. రోజుకు ఒక ఉండ చాలు.

శనక్కాయ గింజలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. తేమ తగిలి బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి వేయించితే బాగుపడవు. బూజులో పుట్టే విషం వేడికి పోదు, కాలేయానికి హాని చేస్తుంది. ఏరి పారేయాలి. చంటిపిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకుండా పొడి కొట్టి అంబలిలోనో, బెల్లంతోనో కలిపి పెట్టాలి.